స్వెటర్ సొంతంగా అల్లుకునేవారికి: ఫిట్టింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఊలు సూదులు పట్టుకున్నవాళ్లలో చాలామంది మఫ్లర్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మఫ్లర్‌కి కొలత పట్టింపు లేదు. స్వెటర్ అనేసరికి "నెలల తరబడి అల్లాక సరిపోకపోతే?" అన్న భయం పట్టుకుంటుంది. ఈ ప్రశ్నలూ జవాబులూ ఆ భయం ఉన్నవాళ్ల కోసమే. కత్తిరించిన గుడ్డని మళ్లీ అతకలేం. అల్లినదాన్ని మాత్రం ఎక్కడిదాకా కావాలంటే అక్కడిదాకా విప్పి, అదే దారంతో మళ్లీ అల్లుకోవచ్చు. చేతి అల్లికకున్న ఈ గుణాన్ని పూర్తిగా వాడుకోవాలని నా పట్టుదల. సైజును మొదటి రోజే తేల్చేసి, ఇక దాని జోలికి పోకుండా ఉండాల్సిన పని లేదు. అల్లుతూ, వేసి చూసుకుంటూ, దిద్దుకుంటూ పోవచ్చు.

కొలతలు అంగుళాల్లో రాశాను, మన టైలర్లు తీసేది అలాగే కాబట్టి. సూదుల మందం మాత్రం మిల్లీమీటర్లలో ఉంది.

ప్యాటర్న్‌లో చెప్పిన ఊలే, చెప్పిన సూదులే వాడాను. అయినా స్వెటర్ నాలుగు అంగుళాలు పెద్దదైంది. ఎందుకు?

మీ చేతి టెన్షన్ వేరు, ప్యాటర్న్ రాసినవారి చేతి టెన్షన్ వేరు. ఒకే ఊలు, ఒకే సూదులు ఇచ్చినా ఒకరు బిగించి అల్లుతారు, ఇంకొకరు వదులుగా అల్లుతారు. ఇందులో తప్పొప్పులు లేవు, తేడా ఎంతో తెలిస్తే చాలు.

లెక్క చూడండి. ప్యాటర్న్ ప్రకారం అంగుళానికి 5 కుట్లు, ఛాతీ దగ్గర 200 కుట్లు ఉంటే చుట్టుకొలత 40 అంగుళాలు వస్తుంది. మీ చేతికి అంగుళానికి 4.5 కుట్లే పడితే అవే 200 కుట్లు 44 అంగుళాలు దాటుతాయి. 5.5 పడితే 36 అంగుళాల పైచిలుకు దగ్గర ఆగిపోతాయి. అంగుళంలో అర కుట్టు తేడా కంటికి ఆనదు. మొత్తం స్వెటర్‌కి వచ్చేసరికి అదే రెండు సైజుల తేడా.

కుట్లు ఎక్కువ పడుతుంటే సూది ఒక సైజు లావుది తీసుకోండి, తక్కువ పడుతుంటే సన్నది తీసుకోండి. కావాలని బిగించో వదిలేసో అల్లి సరిచేద్దామనుకోకండి. పది నిమిషాలు గడిచేసరికి చెయ్యి తన అలవాటుకే వెళ్లిపోతుంది.

అంగుళానికి కుట్లెన్నో చూసుకోవడానికి ముందుగా అల్లే శాంపిల్ ముక్క తప్పనిసరా? ఎంత అల్లాలి?

మఫ్లర్‌కి అక్కర్లేదు. ఒంటికి వేసుకునేదానికి తప్పనిసరి, ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. కనీసం 6 అంగుళాల చదరం అల్లండి. అంచుల్లో కుట్లు సాగిపోయి ఉంటాయి కాబట్టి మధ్యలో 4 అంగుళాల మేర లెక్కపెట్టండి.

లెక్కపెట్టే ముందు ముక్కని ఉతకాలి. తయారయ్యాక స్వెటర్‌ని ఎలా ఉతకబోతున్నారో అచ్చం అలాగే ఉతికి, బల్లపరుపుగా ఆరేసి, పూర్తిగా ఆరాక కొలవండి. కొన్ని రకాల ఊలు నీళ్లు తగలగానే విచ్చుకుంటుంది. ఉతక్కముందు అంగుళానికి 5.5 ఉన్నది ఉతికాక 5 కావచ్చు.

సర్క్యులర్ సూదితో (రెండు సూదుల్ని తీగతో కలిపినది) గుండ్రంగా అల్లబోతుంటే శాంపిల్ కూడా గుండ్రంగానే అల్లండి. చాలామందికి పర్ల్ (ఉల్టా కుట్టు) వరస నిట్ (సూటి కుట్టు) వరస కంటే వదులుగా వస్తుంది. గుండ్రంగా అల్లేటప్పుడు సాదా అల్లికలో పర్ల్ వరసే ఉండదు కాబట్టి లెక్క మారిపోతుంది.

అంగుళానికి వరసలెన్నో కూడా చూడాలా?

చూడాలి. చాలామంది వదిలేసేది ఇదే, చంక దగ్గర పట్టేయడానికి సాధారణ కారణమూ ఇదే. మెడ నుంచి చంక దాకా 60 వరసలు అల్లమని ప్యాటర్న్ చెప్పిందనుకోండి. వాళ్ల లెక్క అంగుళానికి 7 వరసలైతే అది 8.5 అంగుళాల లోతు. మీకు 7.5 వరసలు పడుతుంటే సరిగ్గా 8 అంగుళాలే వస్తుంది. చంక దగ్గర అర అంగుళం తగ్గితే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ తెలుస్తుంది. వరసల సంఖ్యను పట్టుకుని కూర్చోకుండా టేపుతో లోతు కొలిచి, ఇంకో నాలుగు వరసలు వేసుకోండి.

8 నంబరు సూది అని రాసి ఉంది. నా దగ్గర 8 నంబరు ఉంది. అదే వాడొచ్చా?

ప్యాటర్న్ ఏ దేశానిదో ముందు చూడండి. మన షాపుల్లో నడిచేది పాత బ్రిటిష్ నంబర్లు: అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. అందులో 8 నంబరు అంటే 4 మి.మీ., 10 నంబరు అంటే 3.25 మి.మీ. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు, అంకెతో పాటు మందమూ పెరుగుతుంది. అమెరికా 8 నంబరు 5 మి.మీ. అక్కడున్న అక్కో చెల్లో ప్యాటర్న్ పంపితే, ఇక్కడి సూదులతో అల్లేవాళ్లకి ఈ చిక్కు వస్తుంది. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసుకోండి.

ఎంత లూజు పెట్టుకోవాలి?

వేసుకునేదాన్ని బట్టి ఉంటుంది. లోపల పల్చటి బనియన్ మాత్రమే ఉండే స్వెటర్‌కి ఒంటి కొలత మీద 2 అంగుళాలు. చొక్కా మీదో కుర్తా మీదో వేసుకోవడానికి 3 నుంచి 4. బరువైన కోటులాంటి కార్డిగన్‌కి 5, 6 కూడా పెట్టవచ్చు. మొత్తం రిబ్‌తో, అంటే నిట్, పర్ల్ కుట్లు మార్చి మార్చి వేసి, అల్లేది సాగుతుంది కాబట్టి దాన్ని ఒంటి కొలత కంటే ఒకటి రెండు అంగుళాలు తక్కువకే అల్లుకోవచ్చు.

ఒక ఉదాహరణ. ఛాతీ 38, లూజు 3, మొత్తం 41 అంగుళాలు. మీ శాంపిల్‌లో 4 అంగుళాలకు 22 కుట్లు, అంటే అంగుళానికి 5.5. 41ని 5.5తో గుణిస్తే 225.5. కింది అంచుకి రెండు నిట్, రెండు పర్ల్ రిబ్ వేయాలంటే కుట్ల సంఖ్య నాలుగుతో భాగించబడాలి కాబట్టి 224 తీసుకోండి. చుట్టుకొలత 40.7 అంగుళాలు వస్తుంది. ఈ గుణకారం చేయడం వస్తే ఏ ప్యాటర్న్ సైజులకూ మీరు కట్టుబడి ఉండక్కర్లేదు.

లూజు ఎంతో తేల్చుకోలేకపోతే బీరువాలో మీకు బాగా నచ్చిన స్వెటర్ తీసి, నేలమీద పరిచి, అడ్డంగా కొలిచి రెట్టింపు చేయండి. స్వెటరే కొలవాలి, చొక్కా కాదు. సాగని గుడ్డకి పెట్టే లూజు వేరు.

ఛాతీ కొలత ప్రకారమే సైజు ఎంచుకున్నాను. ఛాతీకి సరిపోయింది, భుజాలు మాత్రం జారిపోతున్నాయి.

ఆడవాళ్లలో చాలామందికి వచ్చే ఇబ్బంది ఇది, తప్పు మీ ఒంటిది కాదు. ప్యాటర్న్‌లో సైజు పెరిగితే ఛాతీతో పాటు భుజాలు, మెడ, చేతులు అన్నీ పెరుగుతాయి. మనిషి ఎముకల గూడు అలా పెరగదు.

టేపుని చంకల కిందుగా, ఛాతీ నిండుగా ఉండే చోటికి పైన చుట్టి ఒక కొలత తీయండి. తర్వాత నిండుగా ఉన్నచోట ఇంకొకటి. తేడా రెండు అంగుళాల లోపైతే మామూలు సైజు సరిపోతుంది. అంతకంటే ఎక్కువైతే, పై కొలతకి రెండు అంగుళాలు కలిపి ఆ సైజు ఎంచుకోండి. భుజాలూ మెడా అమరుతాయి. ఛాతీ దగ్గర కావాల్సిన జాగా ముందు భాగానికి మాత్రమే ఇవ్వాలి. చంక కింద నుంచి రెండు పక్కలా కొన్ని కుట్లు పెంచుకుని, ఛాతీ దాటాక మెల్లగా తగ్గించుకోవచ్చు. వెనక భాగాన్ని తాకక్కర్లేదు.

స్వెటర్ వెనక కిందికి ఉంది, ముందు పైకి లేస్తోంది. మావారికి పొట్ట దగ్గర కూడా ఇదే గొడవ.

రెండింటికీ కారణం ఒకటే. ఎత్తుగా ఉన్న భాగం మీదుగా వెళ్లేసరికి ముందు భాగానికి ఎక్కువ పొడవు కావాలి. వెడల్పు పెంచితే వదులవుతుంది, లేవడం మాత్రం ఆగదు. ముందు వైపు అదనంగా వరసలు వేయాలి. దీనికి షార్ట్ రోలు, అంటే పొట్టి వరసలు, అల్లుతారు. వరస చివరిదాకా వెళ్లకుండా మధ్యలోనే తిరిగి, వెనక్కి అల్లి, మళ్లీ తిరగడం. జాకెట్టుకి టైలర్ వేసే డార్ట్ చేసే పనే ఇదీ చేస్తుంది, మడత లేకుండా.

ఎన్ని వేయాలో కొలిస్తే తెలిసిపోతుంది. భుజం మీద నుంచి నడుము దాకా ముందు వైపు, ఛాతీ మీదుగా, టేపు పెట్టి కొలవండి. వెనక కూడా అలాగే కొలవండి. తేడా 2 అంగుళాలు అనుకుందాం. అంగుళానికి 7.5 వరసలైతే 15 వరసలు. షార్ట్ రోలు జతలుగానే వస్తాయి కాబట్టి 14 వేయండి, అంటే ఏడు జతలు. మొదటి జత పక్క గీత దగ్గర తిరగాలి. ఆ తర్వాత ఒక్కో జత కొన్ని కుట్లు లోపలికి జరుగుతూ రావాలి. చివరి మలుపు ఛాతీ ఎత్తైన చోటికి ఒక అంగుళం ఇవతలే ఆగాలి. మొత్తం డార్ట్ ఛాతీ నిండుగా ఉన్న గీతకు దగ్గర్లోనే ఉండాలి, దానికి పైకి పోకూడదు. పొట్ట కోసమైతే ఇవే వరసలు కిందికి దించి వేయండి.

మలుపు దగ్గర కన్నం పడకుండా దారాన్ని పక్క కుట్టు చుట్టూ తిప్పి, తర్వాత ఆ చుట్టునీ కుట్టునీ కలిపి అల్లేయాలి. మొదటిసారి శాంపిల్ ముక్క మీద సాధన చేయండి.

మెడ ముందు గొంతుకు తగులుతోంది, వెనక మెడ కిందికి జారుతోంది.

ముందూ వెనకా మెడ ఒకే ఎత్తులో ఉంటే ఇలాగే అవుతుంది. మనిషి మెడ ముందుకు వాలి ఉంటుంది, వెనక గుడ్డ ఎత్తుగా ఉండాలి. పై నుంచి కిందికి అల్లే స్వెటర్‌లో మెడ పట్టీ అయ్యాక వెనక వైపు మూడు నాలుగు జతల షార్ట్ రోలు వేస్తే సరిపోతుంది. అల్లడం పూర్తయిపోయినా ఇబ్బంది లేదు. మెడ పట్టీ విప్పి, కుట్లు మళ్లీ సూది మీదికి తీసుకుని, ఆ షార్ట్ రోలు వేసి, పట్టీ మళ్లీ అల్లండి.

మెడ మరీ వెడల్పైతే పట్టీకి కుట్లు తక్కువ తీసుకుని, ఒక సైజు సన్న సూదితో అల్లండి.

అల్లుతుండగా మధ్యలో వేసి చూడటం ఎలా? సూదులు ఊడిపోవా?

కుట్లన్నీ పొడవాటి వేరే దారం మీదికి ఎక్కించండి, మొద్దు సూదితో పది నిమిషాల పని. అప్పుడు మామూలు బట్టలాగే తల మీదుగా వేసుకోవచ్చు. దారం ఛాతీ చుట్టుకొలత కంటే బాగా పొడవుండాలి, లేకపోతే అదే పట్టేసి కొలత తప్పు చెబుతుంది.

కింద నుంచి ముక్కలుగా అల్లి చివర్లో కుట్టే పద్ధతిలో ఇది కుదరదు. మొదటిసారి అల్లేవాళ్లకి మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లే పద్ధతినే నేను చెబుతాను. చంక దగ్గర చేతుల కుట్లు విడదీయగానే ఒకసారి, దాని కింద మూడు అంగుళాలు అల్లాక ఇంకోసారి, చేతి పట్టీకి ముందు మరోసారి వేసి చూడండి. చంక దగ్గరి పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. అక్కడ నచ్చకపోతే విప్పాల్సింది ఎనిమిది అంగుళాలే.

చెయ్యి ఎత్తితే స్వెటర్ మొత్తం పైకి లేస్తోంది. పై చేయి దగ్గర బిగుతుగా కూడా ఉంది.

పై చేయి లావైన చోట కొలిచి, దానికి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు కలపండి. మీ స్వెటర్ చేతి వెడల్పు అంతకంటే తక్కువైతే చంక కింద అదనంగా కుట్లు ఎక్కించాలి. ప్యాటర్న్ 8 చెబితే మీరు 14 ఎక్కించండి. ఆ ఆరు కుట్లు ఒంటి భాగంలోనూ చేరతాయి. అక్కడ అక్కర్లేకపోతే రెండు మూడు అంగుళాల్లో పక్కల తగ్గించేయండి.

ఇంగ్లండ్, స్కాట్లాండ్ తీరాల్లో చేపలు పట్టేవాళ్లు వేసుకునే గాన్సీ స్వెటర్లలో దీనికి అందమైన పరిష్కారం ఉంది. వలలు లాగేవాళ్ల చెయ్యి రోజంతా పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి. స్వెటరేమో గాలి దూరనంత బిగుతుగా, దట్టంగా ఉండాలి. అందుకని చంక కింద వజ్రం ఆకారంలో ఒక చిన్న ముక్కని అందులోనే అల్లేవారు. పక్క గీత దగ్గర ఒక్కో కుట్టు పెంచుతూ త్రిభుజం చేసి, చేతిలోకి వెళ్లాక అలాగే తగ్గించుకుంటూ పోవడం. స్వెటర్ ఒంటికి అంటుకుని ఉన్నా చెయ్యి ఎత్తితే అంచు కదలదు. చెయ్యిని కూడా భుజం దగ్గర కుట్లు తీసుకుని మణికట్టు వైపు అల్లేవారు. పట్టీ, మోచెయ్యి అరిగిపోతే అక్కడిదాకా విప్పి మళ్లీ అల్లడానికి వీలుగా. బాగుచేసుకోవడాన్ని ముందే ఆలోచించి అల్లిన బట్ట అది. ఆ చంక ముక్కని మీ మామూలు స్వెటర్లోనూ పెట్టుకోవచ్చు. ఒకసారి పెడితే మళ్లీ మానబుద్ధి కాదు.

చేతులు పొడవైపోయాయి. కింద నుంచి పైకి అల్లాను, ఎలా విప్పాలి?

మొదట్లో కుట్లు ఎక్కించిన వైపు నుంచి నేరుగా విప్పడం కుదరదు, దారం చిక్కుపడుతుంది. పట్టీకి పైన, ఎంత పొడవు కావాలో ఆ వరస కింద ఒక్క కుట్టు దారాన్ని చిన్న కత్తెరతో తుంచండి. ఆ వరస దారాన్ని మెల్లగా, చుట్టూ లాగేయండి. పట్టీ విడిపోతుంది, పైన కుట్లు నోరు తెరుచుకుని నిలబడతాయి. వాటిని సూది మీదికి తీసుకుని, కిందికి కొత్త పట్టీ అల్లండి. కత్తెర పెట్టేముందు ఆ పై వరస కుట్లన్నిటిలో సన్న దారం దూర్చి ఉంచితే ఒక్క కుట్టూ జారదు. కొత్త భాగంలో కుట్లు అర కుట్టు పక్కకి జరుగుతాయి. సాదా అల్లికలో అది కనపడదు. రిబ్ మధ్యలో కలిపితే కనపడుతుంది, కాబట్టి రిబ్ మొత్తం కొత్తగా వేయండి. పొట్టి చేతుల్ని పెంచడానికీ ఇదే దారి.

కింది అంచు గంటలా విచ్చుకుంటోంది.

రిబ్‌కి సూది సన్నది వాడండి, ఒంటి భాగానికి 4 మి.మీ. అయితే రిబ్‌కి 3.25. కుట్లు కూడా పదో వంతు తగ్గించండి. పిరుదుల దగ్గర పట్టేస్తుంటే ఉల్టా చేయాలి, కుట్లు తగ్గించకండి, పక్కల రెండు అంగుళాల చీలిక వదలండి.

హైదరాబాద్ చలికి ఊలు ఎక్కువైపోతుంది. కాటన్‌తో అల్లితే ఫిట్టింగ్ మారుతుందా?

మారుతుంది. కాటన్‌కి సాగి వెనక్కి వచ్చే గుణం లేదు, పైగా బరువు. వేసుకున్న గంటకి స్వెటర్ పొడవు పెరుగుతుంది, మోచేతుల దగ్గర ఉబ్బు మిగిలిపోతుంది. కాటన్‌తో అల్లేటప్పుడు పొడవు ఒక అంగుళం తక్కువ పెట్టుకోండి, సన్న దారం తీసుకోండి, భుజాల దగ్గర గట్టి కుట్టు ఉండే ప్యాటర్న్ ఎంచుకోండి. శాంపిల్ ముక్క ఆరాక దాన్ని క్లిప్పులతో వేలాడదీసి, కింద రెండు మూడు క్లిప్పులు బరువుగా పెట్టి, రాత్రంతా ఉంచి మళ్లీ కొలవండి. ఏసీ ఆఫీసులో వేసుకోవడానికి కాటన్, అక్రిలిక్ కలిసిన దారం తేలిగ్గా ఉంటుంది.

నాకు లేసు అల్లిక వచ్చు. అది ఇక్కడ పనికొస్తుందా?

చాలా. నరసాపురం వైపు లేసు పని చేసినవాళ్లకి కొక్కెం మీద ఉండే పట్టు ఫిట్టింగ్ దిద్దడంలో పెద్ద ఆస్తి. సాగిపోయిన వెనక మెడ లోపలి వైపు, భుజం నుంచి భుజం దాకా, కొక్కెంతో ఒక గొలుసు వరస బిగువుగా వేస్తే మెడ ఇక సాగదు. బరువైన స్వెటర్‌కి భుజం గీతల మీదా ఇలాగే వేయండి. జారిపోయిన కుట్టు పది వరసలు కిందికి నిచ్చెనలా ఊడినా, కొక్కెంతో ఒక్కో మెట్టూ పైకి లాగేయవచ్చు, విప్పక్కర్లేదు.

విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంది. అలాగే అల్లొచ్చా?

అలా అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడివేసి తీయండి. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తువాలుతో అద్ది వేలాడదీయండి. గొర్రె ఉన్ని అయితే తిన్నగా అవుతుంది. వెంట్రుకల్లాంటి నూగు ఉండే మొహైర్ ఊలు మాత్రం విప్పడానికి చాలా మొండికేస్తుంది. అలాంటిది అల్లేటప్పుడు ప్రతి ముఖ్యమైన మజిలీలో కుట్ల గుండా సన్న దారం దూర్చి ఉంచండి. విప్పినప్పుడు అక్కడ ఆగుతుంది.

పిల్లలకి అల్లితే ఏడాదికే పొట్టిదైపోతోంది.

పిల్లలు అడ్డంగా కంటే నిలువుగా వేగంగా పెరుగుతారు. మెడ నుంచి కిందికి అల్లండి, మిగిలిన ఊలు దాచండి. మరుసటి చలికాలానికి అంచులు విప్పి పొడవు కలపండి. దాచిన ఊలుని కూడా స్వెటర్‌తో పాటే ఉతుకుతూ ఉంటే రంగు తేడా రాదు. తల దూరడం లేదంటే మెడ పట్టీ చివర కుట్లు మూసేటప్పుడు రెండు సైజులు లావు సూది వాడండి. లేదా ఒక భుజం తెరిచి బొత్తాలు పెట్టండి.

ఎంత ఊలు కొనాలి?

మామూలు మందం ఊలు పెద్దవాళ్ల స్వెటర్‌కి 400 నుంచి 600 గ్రాములు పడుతుంది. కాటన్ ఇంకా ఎక్కువ. ఫిట్టింగ్ దిద్దాలంటే చేతిలో ఊలు ఉండాలి కాబట్టి ఒక ఉండ అదనంగా, లేబుల్ మీద అదే రంగు లాట్ నంబరు చూసి కొనండి. లాట్ కలవకపోతే రెండు ఉండల్నీ పక్కపక్కన పెట్టుకుని రెండేసి వరసలు మార్చి మార్చి అల్లండి, గీత కనపడదు.

ఉతికాక కుంచించుకుపోయింది. ఏమైనా చేయగలమా?

వేడినీళ్లు, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని మందంగా అట్టకడతాయి. బాగా అట్టకట్టినదాన్ని విప్పడానికి కూడా వీలుండదు. కొద్దిగా కుంచించుకున్నదైతే, జుట్టుకి వాడే కండిషనర్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, తువాలులో చుట్టి నీళ్లు తీసేసి, కావాల్సిన కొలతకి లాగి గుండుసూదులతో పిన్ చేసి ఆరేయండి. ఒక అంగుళం దాకా వెనక్కి రావచ్చు. మెషీన్‌లో ఉతికినా పాడవకుండా శుద్ధి చేసిన ఉన్నికి ఈ బెడద లేదు, అది నీళ్లలో సాగుతుంది. అలాంటిది తడిగా ఉన్నప్పుడు ఎత్తి పట్టుకోకండి. మొత్తం చేతుల్లోకి తీసుకుని తువాలు మీద పరిచి, కొలతకి నెట్టి పెట్టండి. అక్రిలిక్‌కి మాత్రం ఇస్త్రీపెట్టె దగ్గరికి తేవద్దు. వేడి తగిలితే పోగులు చచ్చుబడి వేలాడతాయి, ఇక వెనక్కి రావు.